దేహలీదీపం

తర్కశాస్త్రంలో అడుగుపెట్టినవారికి మొదట ఎదురయ్యేవి కుండ, బట్ట. ఘటం, పటం అంటూనే పాఠం సాగుతుంది. పొగను చూచి నిప్పును ఊహించడం ఎట్లాగో చెప్పవలసి వచ్చినప్పుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో చూపిన ఉదాహరణ వంటిల్లు. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పున్నదని మనకెట్లా తెలుస్తుంది? ఇదివరకు వంటింట్లో ఆ రెండింటినీ ఒకచోట చూచి ఉన్నాము గనుక. ముప్పయి ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, ఈ ఉదాహరణ నాకు కంఠస్థమే. కాని ఆ వంటింటిలోని వస్తువులను ఒక్కొక్కటిగా పలకరించే తీరిక మాత్రం 2020 వేసవిలో దొరికింది.

మా ఇల్లు పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ నడుమ, ముంబై రహదారికి కొద్ది దూరంలో ఉన్నది. ఆ ఏడు మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ. నాటి సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. 25 నుండి దేశమంతటికీ అదే కట్టడి. వార్తలు వినడం, బంధువులకు ఫోన్లు చేయడం నాలుగు రోజులలో విసుగు పుట్టించినవి. ఐదవనాడు పాత నోటుబుక్కు ఒకటి తీసి, మొదటి పుటలో "ఇంటి వస్తువులు" అని వ్రాసి, రోజుకొక వస్తువును గూర్చి తెలిసినంత వ్రాయడం మొదలుపెట్టాను.

ఇట్లాంటి పని చేసినవారిలో నేను మొదటివాణ్ణి కాను. జేవియర్ ద మేస్త్ర అనే సైనికాధికారి ద్వంద్వయుద్ధం చేసిన నేరానికి ఇటలీలోని టురిన్ నగరంలో 42 రోజులు గృహనిర్బంధంలో ఉన్నాడు. ఆ రోజులలో తన గదిలోనే యాత్ర చేసి, మంచాన్నీ, కుర్చీనీ, గోడమీది పటాలనూ తీర్థాలవలె దర్శించి ఫ్రెంచి భాషలో ఒక గ్రంథం వ్రాశాడు. అది 1794లో అచ్చయింది. నలభై రెండు రోజులకు నలభై రెండు అధ్యాయాలు! అయితే ఆ యాత్రికునికి పొద్దున్నే కాఫీ కాచి తెచ్చే సేవకుడొకడున్నాడు. ఆ సంగతి గ్రంథంలోనే ఉన్నది. ఇంట్లో కూర్చుండి వస్తువులను చూచి ఆనందించాలంటే ఎవరో ఒకరు ఆ వస్తువులతో పని చేస్తూ ఉండాలి కాబోలు.

మా ఇంట్లో ఆ పని చేసేది నా భార్య. నా నోటుబుక్కులో మొదటి చర్చ చాటకూ జల్లెడకూ నడిచింది. చాట గింజను నిలుపుకొని పొల్లును వదలుతుంది, జల్లెడ పిండిని వదలి పొట్టును పట్టుకొంటుంది. అందుచేత సారం గ్రహించేవానికి చాటనూ, దోషాలను మాత్రమే ఏరుకొనేవానికి జల్లెడనూ పోల్చడం సంస్కృత పండితులలో పరిపాటి. ఈ మాట నేను పైకి చదువుతుంటే ఆమె జొన్నపిండి జల్లిస్తూ విన్నది.

"జల్లెడను చెడ్డది అనుడేందండీ? పిండి కిందికి దిగుతది, మనకు కావల్సింది గదే గద! రొట్టె చేసేది గా పిండితోనే. మీ పండితులు జల్లెడ పైకెల్లి చూసిండ్రుగని, కింద పరిచిన బట్టను చూసినట్టు లేరు."

శతాబ్దాలనాటి ఉపమానం ఒక్క మాటతో తిరగబడింది. ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాను. పని చేసే చేతికి తెలిసిన అర్థం, చూచే కంటికి తెలిసిన అర్థం రెండూ ఒకటి కావు.

తరువాత మానిక. మా అత్తగారినుండి వచ్చిన ఇత్తడి మానిక అది. అంచు అరిగి, ఒకవైపు చిన్న సొట్టతో ఉంటుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. అంగడిలో కిలోలు, లీటర్లు నిలిచినవి. వంటింట్లో మాత్రం నా భార్య నేటికీ బియ్యం మానికతోనే పోస్తుంది. ఇద్దరికి సోలెడు, చుట్టాలు వస్తే తవ్వెడు. కొలత చట్టంనుండి పోయినా చేతినుండి పోలేదు.

వస్తువుల పేర్లను తడుముతుంటే ఇల్లు మరింత విశాలమైంది. అలమార పోర్చుగీసువారి మాట, కుర్చీ అరబ్బీనుండి వచ్చింది, దర్వాజా పారశీకం. మేము అన్నం వండే డేగిసా కూడా పారశీకమే. దేగ్ అంటే పెద్ద వంటపాత్ర, దేగ్చా అంటే చిన్నది. రోలు, చాట, కుండ, ఉట్టి మనవి. ఇన్ని దేశాలవారు ఒకరినొకరు తోసుకోకుండా మా రెండు గదుల ఇంట్లో కాపురమున్నారు.

ఇట్టి మాటలను ఏరి భద్రపరచే పని మన భాషలో ఘనంగానే మొదలైంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో 1962లో వెలువరించింది. మా పటాన్‌చెరులోనే 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థలో జొన్న, సజ్జ, కంది, శనగ వంటి పంటల విత్తనాల నమూనాలు లక్షకు పైగా చల్లని గదులలో దాచి ఉంచారు. విత్తనం దాచితే మళ్ళీ మొలుస్తుంది. మాటను కాగితంలో దాచితే చాలదు. దానిని పలికే నోరు, ఆ వస్తువును పట్టే చెయ్యి కూడా ఉండాలి. ఇసుర్రాయి పేరు నిఘంటువులో ఉంటుంది. దాని పిడి ఎంత బిగువుగా పట్టాలో, గింజ ఎంతెంత పోయాలో నిఘంటువు చెప్పదు.

ఏప్రిల్ వచ్చింది. పాశమైలారం వైపు మందుల కర్మాగారాల వంటి కొన్నింటికి అనుమతులున్నా, చాలా పరిశ్రమలు మూతపడినవి. మా డాబా మీదినుండి కనబడే గొట్టాలలో కొన్ని పొగ మానివేసినవి. ఆకాశం తేటగా ఉన్నదని ఇరుగుపొరుగు సంతోషించారు. నాకు తర్కపాఠం గుర్తుకు వచ్చింది. పొగ ఉంటే నిప్పు ఉండి తీరుతుంది. పొగ లేకుంటే నిప్పు లేదని చెప్పరాదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. శాస్త్రకారులు చూపిన ఆ గుండు నాకు మా వీధి చివర రేకుల గదులలో కనిపించింది. ఆ గదులలో బీహారు, ఝార్ఖండ్, ఒడిశాలనుండి వచ్చిన పనివారుండేవారు. పని ఆగింది, కూలి ఆగింది. పొగ లేని ఆ నిప్పు పేరు ఆకలి.

ఏప్రిల్ 5, ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు విద్యుద్దీపాలు ఆర్పి తొమ్మిది నిమిషాలు దీపాలు వెలిగించమని ప్రధానమంత్రి కోరారు. నా భార్య ప్రమిద తెచ్చి గడప మీద పెట్టింది. దేహలి అంటే గడప. గడప మీది దీపం ఇంటిలోపలికీ, వాకిటికీ ఒకేసారి వెలుగిస్తుంది. ఒక పదం ముందుకూ వెనుకకూ అన్వయించినప్పుడు దేహలీదీప న్యాయమని మేము పిల్లలకు చెప్పేవాళ్ళం. ఆ రాత్రి వాకిటివైపు వెలుగులో, ఖాళీ సంచి పట్టుకొని ఒక యువకుడు కనిపించాడు. రేకుల గదులలో ఉండే ఒడిశా అబ్బాయి.

"అమ్మా, థోడా చావల్" అన్నాడు.

ఆమె మానికతో కొలిచి పోసింది. రెండవ మానిక పోస్తుండగా అతడు దానివైపు వేలు చూపి, "మాణ!" అన్నాడు, ముఖమంతా విప్పారగా. ఒడిశాలో మార్గశిర గురువారాలలో కొత్త ధాన్యంతో నింపిన మాణను లక్ష్మిగా పూజిస్తారు. ఆ వ్రతాన్ని మాణబసా అంటారు. వాళ్ళ ఇంట్లో అమ్మ చేస్తుందని వచ్చీరాని హిందీలో చెప్పాడు. మానము అంటే కొలత. ఆ ఒక్క సంస్కృతపదం వాళ్ళ ఇంట మాణ అయింది, మా ఇంట మానిక అయింది. ఆ తరువాత అతడు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. ఇద్దరు ముగ్గురు తోడివాళ్ళకు కూడా కలిపి ఆమె కొలిచేది.

ఏప్రిల్ 29న మా జిల్లాలోని కందిలో, ఐఐటీ హైదరాబాదు ప్రాంగణ నిర్మాణంలో పనిచేస్తున్న వలస కూలీలు వేతనాలు ఇవ్వాలనీ, ఇళ్ళకు పంపాలనీ ఆందోళనకు దిగారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషనునుండి ఝార్ఖండ్‌లోని హటియాకు ఒక ప్రత్యేక రైలు బయలుదేరింది. సుమారు 1,200 మంది అందులో వెళ్ళారు. లాక్‌డౌన్ వచ్చిన తరువాత వలస కార్మికులకోసం దేశంలో కదిలిన మొదటి రైలు అదే. నాకు ఇంట్లో ఉండడం కట్టడి. వారికి ఇంటికి దూరంగా ఉండడం కట్టడి. ఒకే మాట, గడపకు ఇటు ఒక అర్థం, అటు ఒక అర్థం.

మా ఒడిశా అబ్బాయికీ మే నెలలోనే ఒక రైలులో చోటు దొరికింది. సామాను తక్కువ తెచ్చుకొమ్మన్నారట. వెళ్ళేముందు ఒక అల్యూమినియం పాత్ర తెచ్చి నా భార్య చేతికిచ్చాడు. "డెక్చీ రఖో, అమ్మా. మళ్ళీ వస్త" అన్నాడు. అతని డెక్చీ, మా డేగిసా ఒకటే మాట.

నోటుబుక్కులో చివరి పుటలు ఆ పాత్రకే ఇచ్చాను. అడుగున మసి, ఒక చెవి ఊడి తీగతో కట్టిన కట్టు, లోపల నీళ్ళు ఎంతవరకు పోయాలో చూపుతూ మేకుతో గీసిన రెండు గీతలు. పై గీత నలుగురు ఉన్నప్పటిది, కింది గీత ఇద్దరున్నప్పటిది కావచ్చునని నా భార్య అంచనా. తనకు తెలియని వంట ఆమెకు ఆ గీతలలో కనిపించింది.

అతడు ఇంతవరకు తిరిగి రాలేదు. మరెక్కడైనా పని దొరికి ఉండవచ్చు. ఇంటి వస్తువులను చూచి కాలక్షేపం చేయవచ్చునని నోటుబుక్కు మొదలుపెట్టిన నాకు, ప్రతి వస్తువుకూ వీధివైపు ఒక ముఖమున్నదని ఆ డేగిసా చెప్పింది. మానిక ఎంత అందమైనదో అది గూట్లో ఉన్నంతసేపూ సగమే తెలుస్తుంది. మిగిలిన సగం దానితో కొలిచి పోసినప్పుడు తెలుస్తుంది.

ఆ డేగిసాలో మేము వండము, ఎవరికీ ఇవ్వము. శుక్రవారం శుక్రవారం మా పాత్రలతోపాటు ఆమె దానినీ తోమి, ఎండలో బోర్లించి, మానిక పక్కన పెడుతుంది. మిత్రులారా, మీ ప్రాంతాలలో మానికను, డేగిసాను ఏమంటారో చెప్పండి. నోటుబుక్కులో ఇంకా కొన్ని పుటలున్నవి.