రంగూను వీధిలో తెలుగు మాట

2018లో నేను రంగూను పట్టణమును చూచితిని. 2005 వరకు అది బర్మా రాజధాని. సూలే పగోడా చుట్టును బస్సుల రొద, కాలిబాట పొడుగునా అంగళ్లు, టీ దుకాణముల యెదుట పొట్టి పీటలపై జనము. మైపాడు ఇసుకలో నడచిన నా కాళ్లకు అక్కడ అడుగు వేయుటకు చోటు చాలలేదు.

ఒక వృద్ధుడు నా చెయ్యి పట్టుకొనెను. బిచ్చమునకేమోనని విదిలించుకొంటిని. అతడు, "మీదే ఊరు బాబూ?" అనెను. ఆ తెలుగు మాట విని సిగ్గుతో నిలిచిపోతిని.

కోరంగి రేవు పేరున మనవారిని అక్కడ 'కోరంగీలు' అనిరి. వారు ఓడరేవులో మూటలు మోసిరి, రిక్షాలు లాగిరి. 1930 అల్లర్లలో దెబ్బలు తినిరి. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వేలాదిమంది కాలినడకన స్వదేశమునకు బయలుదేరగా త్రోవలో అనేకులు చనిపోయిరి. మిగిలినవారి సంతతిలో ఇంకను మన మాట నిలిచియున్నది.

అతడు అడిగినది డబ్బు కాదు, ఊరి పేరు. తెలుగువాడు గనుక సిగ్గుపడితిని, బర్మావాడైయుంటే? ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఆదివారము గుడి మెట్లమీద చెయ్యి చాచువానిని ఇప్పుడు మొదట ఊరి పేరు అడుగుచున్నాను.