ఉద్యోగం రాని పిల్లవానిని నిందించకండి



చదువు ముగించి ఇంటివద్ద ఉన్న కుమారుని చూచి "వీడు సోమరి" అని తొందరపడి అనకండి. ఉద్యోగం పిల్లవాని తెలివినిబట్టి మాత్రమే రాదు. ఢిల్లీలో తీసుకొన్న నిర్ణయం మన పల్లెలోని గడపదాకా వస్తుంది. మా ఇంటిలోనే ఇది చూచాను.

మా పెద్దన్నగారు 1970వ దశకంలో పదవ తరగతి చదువుతోనే టెలిఫోను శాఖలో చేరారు. అందరికంటే చిన్నవాడైన మా తమ్ముడు డిగ్రీ ముగించేనాటికి 1991 వచ్చింది. ఆ జూలైలో ప్రకటించిన పారిశ్రామిక విధానంలో, ప్రభుత్వ రంగానికే ప్రత్యేకించిన పరిశ్రమలు 17 నుండి 8కి తగ్గాయి. క్రమేణ సర్కారు కొలువులూ తగ్గాయి. అన్నగారికంటే ఎక్కువ చదివిన తమ్ముడు ఐదేండ్లు దరఖాస్తులు పెట్టినా పిలుపు రాలేదు. ఊరివారి మాటలకు బయటికి వెళ్లడమే మానుకొన్నాడు. చివరకు ఎస్.టి.డి. బూత్ పెట్టుకొని ఇల్లు నడుపుకొన్నాడు. 1999 టెలికాం విధానం తరువాత సెల్‌ఫోన్లు చౌకబడి బూత్ మూతబడింది. అప్పుడు సెల్‌ఫోన్ల మరమ్మతు నేర్చుకొన్నాడు. అన్నగారి శాఖ సంగతి కూడా చూడండి. అది 2000లో బి.ఎస్.ఎన్.ఎల్. అయింది. 2020 జనవరి ఆఖరున ఒక్కసారే 78,000 మందికి పైగా అక్కడ స్వచ్ఛంద విరమణ తీసుకొన్నారు.

మందుల పరిశ్రమలో ఇందుకు భిన్నంగా జరిగింది. 1970 పేటెంటు చట్టం, విదేశీ మందును వేరొక పద్ధతిలో తయారుచేసే వీలు మన కంపెనీలకు కల్పించింది. హైదరాబాదు చుట్టూ ఫ్యాక్టరీలు వెలిశాయి. కెమిస్ట్రీ చదివిన పల్లె పిల్లలకు అక్కడ పని దొరికింది. మా మేనల్లుడు వారిలో ఒకడు.

పొలం పని కూడా ఇంతే. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. స్త్రీ పురుషులకు ఒకే కూలి అన్నారు. అది మా ఊరికి వచ్చాక, నాట్లకు మనుషులు కావాలంటే రైతు కూలి పెంచవలసి వచ్చింది. రైతుకు అది భారమే. కూలి తల్లికి మాత్రం "ఇంత ఇస్తేనే వస్తాను" అనే ధైర్యం వచ్చింది.

కనుక పిల్లలను ఒకే ఉద్యోగం కోసం ఏండ్లతరబడి కూర్చోనివ్వకండి. పరీక్షలకు చదువుతూనే మోటారు వైండింగో, కుట్టుపనో, కంప్యూటరో నేర్చుకోనివ్వండి. ఈ రాత్రి భోజనం దగ్గర "ఉద్యోగం ఎప్పుడు?" అని అడగకండి. "ఏ పని నేర్చుకోవాలని ఉంది, నాయనా?" అని అడగండి.