తంతి పోయినా తంటా పోలేదు



"వైర్‌లెస్" అన్న మాటకు మనవారు కల్పించుకున్న "నిస్తంత్రి" అనే పదమంటే నాకు మక్కువ. తంత్రి అంటే వీణతీగ. అదే జనం నోట "తంతి" అయి, తంతి తపాలా శాఖలో కుదురుకుంది. 2013 జూలైలో టెలిగ్రాము సేవ ముగియడంతో ఆ తంతి కాస్తా సెలవు తీసుకున్నది. తంటా మాత్రం చేతిఫోనులోకి కాపురం మార్చింది.

మా నరసరావుపేటలో నా ఈడు విశ్రాంత ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే. "గీతలు నిండుగా ఉన్నాయి మాష్టారూ, నెట్టు రాదేం?" ఆ గీతలు చెప్పేది టవరు నుంచి ఫోనుకు అందే సంకేతబలం మాత్రమే. అంతర్జాలంలోకి పోవాలంటే ఒక ద్వారం పేరు ఫోనుకు తెలియాలి. దానినే ఏపీఎన్ అంటారు. బీఎస్ఎన్ఎల్ వారికి "బీఎస్ఎన్ఎల్‌నెట్", జియో వారికి "జియోనెట్", ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఇంగ్లీషు అక్షరాలలో, మధ్య ఖాళీ లేకుండా వ్రాయాలి. సాధారణంగా సిమ్ము వేయగానే అదే వచ్చి కూర్చుంటుంది. రానప్పుడు మాటలు వినిపిస్తాయి, బొమ్మలు రావు. పేరు సరిగా ఉన్నా ఒక్కొక్కప్పుడు నడవదు. ఒక టవరు పరిధిలోని వారందరూ ఉన్న సామర్థ్యాన్నే పంచుకోవాలి కదా! శివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళలో ఫోను తెరచినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇక వైఫై సంకేతపదం. అందులో పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. మన లిపిలో ఆ భేదమే లేదు. తెలుగులో చదువుకున్న పెద్దలు ఇక్కడ తడబడితే వారిని మందమతులనడం అన్యాయం.

మొన్న ఒకనాడు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు ప్రధానోపాధ్యాయులుగా ఉన్న పెద్దాయన ఇంటి నుంచి కబురు వచ్చింది. ఎనభై దాటినవారు, మంచం దిగలేరు. జీవన ప్రమాణపత్రానికి గడువు నాలుగు రోజులే ఉన్నది. అది దాటితే పింఛను ఆగుతుంది. "ఆయనను ఆటోలో ఎక్కించి ఆఫీసుకు తీసుకుపోవడం నా వల్ల కాదు అన్నయ్యగారూ" అన్నదా ఇల్లాలు. కేంద్రప్రభుత్వం 2014 నవంబరులో ప్రారంభించిన జీవన్ ప్రమాణ్‌లో, 2021 నవంబరు నుంచి ఫోను కెమెరాకు ముఖం చూపితే చాలుననే సదుపాయం ఉన్నది. మనుమడు కొత్త ఫోను కొనిచ్చి వెళ్ళాడు కూడా. నెట్టు మాత్రం లేదు.

చూస్తే ఏపీఎన్ పట్టిక ఖాళీ. పేరు వ్రాసి, భద్రపరచి, ఫోను ఆపి తెరిచాను. వాకిట్లో పనిచేసింది, లోపలిగదిలో చేయలేదు. పాతకాలపు ఇల్లు, మూరెడు మందం రాతిగోడలు. హాలులో వైఫై పెట్టె ఉన్నది. అది రెండు పేర్లు చూపుతున్నది, ఒకటి 5 గిగాహెర్ట్జ్, రెండవది 2.4. మొదటిది వేగం ఎక్కువైనా గోడ దాటలేక చతికిలబడుతుంది. రెండవది నిదానమైనా లోపలిదాకా వస్తుంది. ఫోను మొదటిదానినే పట్టుకు వేలాడుతుంటే, దాని మీద "ఫర్గెట్" నొక్కాను. (మరచిపొమ్మంటే తక్షణం మరచిపోయే శిష్యుణ్ణి నా సర్వీసులో చూడలేదు!) రెండవదానికి సంకేతపదం ఇచ్చాను. కదిలింది.

ఆధార్ సంఖ్య, పింఛను సంఖ్య నింపి, దిండ్లు ఎత్తు పెట్టి, కిటికీ రెక్క తెరిచి ఫోను ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. రెప్ప వేయమన్నది.

"రెప్ప వేయండి సార్."

"ఎవరి ఆజ్ఞ అయ్యా అది?" అన్నారు హెడ్మాస్టరు గారు, కళ్ళు పెద్దవి చేసి.

మూడవసారికి వేశారు. కాసేపటికి ప్రమాణపత్రం సంఖ్యతో సందేశం వచ్చింది. ఫోనును నమ్మలేదాయన. ఆ సంఖ్యను పింఛను పుస్తకం వెనుక అట్టమీద నా చేత వ్రాయించి, ఒక్కొక్క అంకే చదివించుకుని సరిచూసుకున్నారు.