స్టీరింగ్ మీద ఎవరి హుకుం?

మా ఖాన్‌దాన్‌లో మగాళ్లకు స్టీరింగే రోజీ రోటీ. అబ్బా నిజామాబాద్ నుంచి నాగ్‌పూర్‌కు ముప్ఫై ఏళ్లు లారీ నడిపాడు. మామూ రియాద్‌లో ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్. చిన్న చాచా కొడుకు అబుధాబిలో టాక్సీ తోలుతాడు. ఒక్క దులాభాయిదే వేరే దారి. జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర కార్ల పార్టులు చేసే కంపెనీలో ఇంజినీరు. డ్రైవర్ లేకుండా నడిచే కారు సంగతి వస్తే మిగతావాళ్లకు అది టెక్నాలజీ ముచ్చట. మాకు మాత్రం పొయ్యి మీది హండీ ముచ్చట.

పోయిన బక్రీద్‌కు మామూ, దులాభాయి ఒకేసారి ఛుట్టీ మీద వచ్చారు. దస్తర్‌ఖాన్ మీదే బహస్ మొదలైంది.

"అమ్రీకా మే కార్ ఖుద్ చల్తీ బోల్తే. వోయిచ్ కార్ తుమ్హారే జర్మనీ మే కైకు డర్తీ, దులే మియా?" అన్నాడు మామూ.

దులాభాయి నవ్వాడు. "కార్ నై డర్తీ మామూజాన్, ఖానూన్ డరాతా."

ఆ రోజు ఆయన చెప్పిందీ, తర్వాత నేను కూర్చుని చదువుకున్నదీ కలిపి రాస్తున్నా.

ఈ కార్లకు సున్నా నుంచి ఐదు దాకా లెవెల్స్ ఉన్నాయి. లెవెల్ 2లో కారు స్టీరింగ్ తిప్పుతుంది, బ్రేక్ వేస్తుంది. కానీ చూపు డ్రైవర్‌దే, జిమ్మేదారీ డ్రైవర్‌దే. టెస్లా ఆటోపైలట్, మన దగ్గర మహీంద్రా ఎక్స్‌యూవీ 700లో వచ్చిన అడాస్ ఈ కోవలోవే. లెవెల్ 3లో కొన్ని షరతుల మధ్య కారే నడుపుతుంది. డ్రైవర్ రోడ్డు మీద నుంచి చూపు తీయవచ్చు, కారు పిలిస్తే మాత్రం మళ్లీ స్టీరింగ్ అందుకోవాలి. లెవెల్ 4లో, ఇచ్చిన ఇలాకా లోపల, డ్రైవర్ అవసరమే లేదు. 2 దాటి 3లో అడుగుపెట్టగానే, గుద్దితే కసూర్ ఎవరిదన్న సవాల్‌కు జవాబు మారిపోతుంది. అందుకే ప్రతి ముల్క్ ఆ గీత దగ్గర ఆగి ఆలోచిస్తుంది.

యూరప్‌లో ముందు ఇజాజత్, తర్వాతే అమ్మకం. జెనీవాలో ఐక్యరాజ్యసమితి కింద పనిచేసే వేదిక రాసిన నియమాలకు కారు సరిపోవాలి. వాటిలో 79వ నంబరుది స్టీరింగ్ గురించి. ఇండికేటర్ వేశాక 3 సెకన్లు ఆగాలి, 5 సెకన్ల లోపల లేన్ మారడం మొదలుకావాలి. వంపులో కారు పక్కకు లాగే త్వరణానికి కూడా హద్దు ఉంది. కారు బయట నిలబడి ఫోన్‌తో పార్కింగ్ చేయించాలంటే మనిషి 6 మీటర్ల లోపలే ఉండాలి. 2019లో టెస్లా ఈ హద్దులకు తగ్గట్టు యూరప్‌లోని తన కార్ల సాఫ్ట్‌వేర్‌ను మార్చింది. పైసలు కట్టి కొన్నవాళ్ల కారు ఒక్క అప్‌డేట్‌తో పిరికిదైపోయింది. ఇంజిన్ మారలేదు, కెమెరాలు మారలేదు.

అమెరికా తరీకా ఉల్టా. తన కారు నియమాలకు సరిపోతుందని అక్కడ కంపెనీయే సర్టిఫికెట్ ఇచ్చుకుంటుంది. సర్కారు తర్వాత పట్టుకుంటుంది. 2023 డిసెంబర్‌లో ఫెడరల్ దర్యాప్తు తర్వాత టెస్లా 20 లక్షలకు పైగా కార్లకు ఆటోపైలట్ విషయంలో రీకాల్ ప్రకటించింది. అంతకు రెండు నెలల ముందు శాన్ ఫ్రాన్సిస్కోలో, వేరే కారు గుద్దితే వచ్చి పడిన ఒక మహిళను క్రూజ్ కంపెనీ డ్రైవర్‌లేని టాక్సీ ఈడ్చుకుపోయింది. అప్పుడు కాలిఫోర్నియా ఆ కంపెనీ పర్మిట్ ఆపేసింది.

యూరప్ ముందు ఆపుతుంది, అమెరికా తర్వాత ఆపుతుంది. ఆ 'తర్వాత' లోపల ఎవరి జాన్ మీదికి వస్తుందో ఎవరికీ తెలీదు. అయితే దులాభాయి ఇంకో మాట కూడా అన్నాడు. టైముకు బ్రేక్ వేసి మనిషిని కాపాడగలిగే మెషీన్ కూడా గేటు దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోతే, ఆ హిసాబు ఎవరు రాస్తారని. ఆ మాటా కాదనలేం.

లెవెల్ 3 అయితే ఇంకా విచిత్రం. 2021 మార్చిలో జపాన్‌లో హోండా ఇలాంటి లెజెండ్ కార్లు 100 మాత్రమే లీజుకు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో మెర్సిడెస్‌కు జర్మనీ ఇజాజత్ ఇచ్చింది, అదీ హైవే మీద 60 కిలోమీటర్ల వేగం లోపల. 2023లో అమెరికాలో నెవాడా, కాలిఫోర్నియా ఒప్పుకున్నాయి. ఆ రెండు రాష్ట్రాల హద్దు దాటితే సాహెబ్‌గారు మళ్లీ కళ్లు రోడ్డు మీద పెట్టాల్సిందే.

చైనాలో సంగతి మాటల దాకా వచ్చింది. 2025 మార్చిలో షావోమీ కారు ప్రమాదంలో ముగ్గురు చనిపోయారు. గుద్దుకునే కొన్ని సెకన్ల ముందు దాకా కారు సహాయక వ్యవస్థ నడుస్తూనే ఉంది. మరుసటి నెలే అక్కడి సర్కారు కంపెనీలను పిలిచి, ప్రకటనల్లో లేనిపోని గొప్పలు చెప్పొద్దని హుకుం చేసింది. నాకు ఇది సరైన పనే అనిపించింది. పేరు కూడా ఒక వాదా. దాన్ని నమ్మి మనిషి చేతులు వదిలేస్తాడు.

ఇంత చదివాక నాకు అబుధాబిలో ఉన్న చాచా కొడుకు ఫికర్ పట్టుకుంది. దుబాయ్ 2016లోనే ప్రకటించింది, 2030 నాటికి ప్రయాణాల్లో 25 శాతం డ్రైవర్ లేకుండా జరగాలని. 2023లో దానికోసం ఖానూన్ కూడా చేసింది. 2024 డిసెంబర్‌లో అబుధాబిలో ఉబర్, వీరైడ్ కలిసి రోబో టాక్సీలు మొదలుపెట్టాయి. మొదట్లో సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టారు.

"భాయ్, యాస్ ఐలాండ్ సిగ్నల్ కాడ నా పక్కనే ఆగుతది. దానికి నమాజ్ టైమ్ లేదు, భూక్ లేదు, ఇంటికి పైసలు పంపే పని లేదు" అన్నాడు వాడు. నవ్వుతూనే అన్నాడు.

జర్మనీలో ఈ ఖానూన్ మీద పార్లమెంటులో బహస్ జరిగింది. అక్కడి డ్రైవర్‌కు ఓటుంది, యూనియన్ ఉంది. మావాడికి అక్కడ ఓటు లేదు. వీసా కంపెనీ పేరు మీద ఉంది. నౌకరీ పోయి, గడువులోపల ఇంకోటి దొరక్కపోతే, పెట్టె సర్దుకోవాల్సిందే. వాడి బతుకును మార్చే నియమం మీద వాణ్ణి ఒక్క మాట అడిగేవాళ్లు లేరు.

మన ముల్క్ సంగతికి వస్తే, డ్రైవర్ లేని కార్లను రానివ్వనని రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2017లోనూ, 2023లోనూ చెప్పారు. డ్రైవర్ల నౌకరీలు పోతాయన్నదే ఆయన చెప్పిన వజా. ఇతర దేశాలు భద్రత గురించి, కసూర్ గురించి మాట్లాడుతుంటే రోజీ గురించి మాట్లాడిన మంత్రి మనకున్నాడు. దానికి నేను షుక్రియా చెప్తా. కానీ మంత్రి జుబాన్ వేరు, ఖానూన్ వేరు. కుర్చీలో మనిషి మారితే మాటా మారొచ్చు. ఇటు సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్‌లో, డ్రైవర్ లేని బండ్ల కోసం తిహాన్ అనే టెస్ట్ ట్రాక్ 2022లోనే మొదలైంది. పిల్లలు నేర్చుకోవాల్సిందే, ఆ ఇల్మ్‌ను ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా.

నేను అడిగేది ఒక్కటే. ఎన్ని సెకన్లలో లేన్ మారాలో రాసుకున్నారు. ఎన్ని మీటర్ల దూరంలో నిలబడాలో రాసుకున్నారు. గుద్దితే ఎవరు భరించాలో రాసుకుంటున్నారు. స్టీరింగ్ నుంచి దించేసిన మనిషి ఎక్కడికి పోవాలో కూడా అదే కాగితం మీద రాయాలి. గల్ఫ్ ముల్కులతో మన సర్కారు మజ్దూర్ల గురించి మాట్లాడే ప్రతిసారీ ఈ మాట ఎత్తాలి. లక్షల మంది మన పిల్లలు అక్కడున్నారు.

చాచా కొడుక్కి నేనేం మష్వరా ఇవ్వలేదు. మొన్న ఫోన్ చేసి వాడే చెప్పాడు, బ్యాటరీ బండ్ల మెకానిక్ కోర్సుకు ఫీజు కట్టానని. పన్నెండు గంటల షిఫ్ట్ దిగాక గదిలో ఫోన్ ముందు పెట్టుకుని చదువుతున్నాడట. ఇంగ్లిష్ మాటలు అర్థం కాకపోతే దులాభాయికి ఫోటో తీసి పంపుతున్నాడు. జర్మనీ నుంచి జవాబు తెల్లారేలోపే వస్తోందట.