అమ్మీ చెప్పే వార్తల వరస

హైదరాబాదు పాతబస్తీలో ఉండే ఆ తల్లికి, కరాచీలో ఉన్న కూతురితో ఫోనులో మాట్లాడేటప్పుడు వార్తలకు ఒక వరస ఉంది. ముందు కుదిరిన పెళ్ళిళ్ళు, తర్వాత పుట్టిన బిడ్డలు, ఆ తర్వాత బియ్యం ధర, ఇంటి మరమ్మతులు. రోగాల మాట చివర వస్తుంది. అదీ ఇతరుల రోగాలే. తన మూత్రపిండాలు దెబ్బతిన్నాయనీ, వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళుతున్నాననీ ఆమె నెలల తరబడి చెప్పలేదు. 'చెబితే మాత్రం ఏం చేస్తుంది? వచ్చి చూస్తుందా?' అని ఇంట్లోవాళ్ళ నోళ్ళు మూయించింది.

ఆ ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లో లేదు, ఢిల్లీలోనూ ఇస్లామాబాదులోనూ ఉంది.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత హైదరాబాదు విడిచి కరాచీ చేరిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ హైదరాబాద్ కాలనీ అనే పేట ఒకటి వెలసింది. ఇప్పటికీ ఖట్టీ దాల్‌కూ పచ్చళ్ళకూ ఆ పేటదే పేరు. ఈ తల్లి పెదనాన్న అలా వెళ్ళినవాడే. ఆయన మనవడికే 2006లో ఈమె కూతురినిచ్చి పెళ్ళి చేశారు. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుంటున్న కాలమది. 1965 యుద్ధంతో తెగిపోయిన మునాబావ్–ఖోఖ్రాపార్ రైలు దారి ఆ ఏడాది ఫిబ్రవరిలోనే థార్ ఎక్స్‌ప్రెస్ పేరుతో మళ్ళీ తెరుచుకుంది. పిల్లను దూరం ఇస్తున్నామని ఎవరూ అనుకోలేదు. నేరుగా విమానముంటే సుమారు రెండు గంటల ప్రయాణం.

దూరమెంతో తరువాత తెలిసింది. కరాచీలోని భారత కాన్సులేటు 1994లోనే మూతపడింది. కాబట్టి కాగితాలు ఇస్లామాబాదుకు పంపాలి. పిలిచేవారి పత్రం మీద ఇక్కడి గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. వీసా ఇచ్చినా అది దేశానికి కాదు, పేరు రాసిన కొన్ని ఊళ్ళకే. దిగాక పోలీసుల దగ్గర నమోదు తప్పదు. (ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళడాన్ని ఆ ఫారం తయారుచేసినవారు 'సందర్శన' అన్నారు. అంతకన్నా దగ్గరి మాట వారికి అక్కరలేకపోయింది.) ఇన్ని ఉన్నా ఆమె మూడుసార్లు వచ్చింది. తండ్రి పోయినప్పుడు మాత్రం రాలేకపోయింది. మరణించిన రోజే ఖననం చేసే సంప్రదాయానికీ, వారాల తరబడి నడిచే వీసా దస్త్రానికీ పొత్తు కుదరదు. జనాజాను ఆమె ఫోను తెర మీద చూసింది.

2019 ఆగస్టులో సమ్‌ఝౌతా, థార్ రైళ్ళు రెండూ ఆగిపోయాయి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మంది హత్యకు గురయ్యాక మిగిలిన తలుపులూ మూసుకున్నాయి. పాకిస్తానీయుల వీసాలు ఏప్రిల్ 27 నుంచి చెల్లవని భారత్ ప్రకటించింది. వైద్య వీసాలకు మరో రెండు రోజుల గడువిచ్చింది. పాకిస్తాన్ కూడా అదే బాటలో నడిచింది. మే మొదటివారంలో అటునుంచి వచ్చే ఉత్తరాలు, పార్సిళ్ళను కూడా భారత్ నిలిపివేసింది. హంతకులను పట్టుకోవడం, శిక్షించడం ప్రభుత్వ ధర్మం. ఆ మాట మీద తగాదా లేదు. కానీ తల్లిని చూడవలసిన కూతురినీ తుపాకి పట్టినవాడినీ ఒకే ఉత్తర్వులో కట్టివేయడం భద్రత అనిపించుకోదు. అది విచక్షణ చేసే శ్రమను తప్పించుకోవడం. ఈ విషయంలో రెండు రాజధానులూ ఒకదానికొకటి తీసిపోవు.

మే 7 నుంచి 10 వరకు తల్లి పొద్దునా సాయంత్రమూ ఫోను చేసింది. ఎవరైనా వింటారేమోనన్న భయంతో యుద్ధం మాటెత్తలేదు. 'తిన్నావా? పిల్లలు పడుకున్నారా?' అని అడిగి పెట్టేసేది.

డయాలిసిస్ సంగతి బయటపెట్టింది మనవడు. ఒకనాడు మేనత్త ఫోను చేస్తే, 'దాదీ మిషను దగ్గరికి పోయింది, నాలుగు గంటలు పడుతుంది' అన్నాడు. కూతురు ఆ రాత్రి నిలదీసింది. తల్లి ముందు మనవడి మీద విసుక్కుంది. తరువాత అంతా చెప్పింది. ఆరోగ్యశ్రీ ఉంది గనుక ఖర్చు లేదని రెండుసార్లు చెప్పింది. చేతి మీద సూదులు గుచ్చిన చోటు చూపించమంటే చూపించలేదు.

మర్నాడు కొడుకు రక్తపరీక్షల కాగితాలు ఫొటోలు తీసి పంపాడు. కూతురు వాటిని కరాచీలో తమ పేట డాక్టరుకు చూపించింది. పొటాషియం ఎక్కువగా ఉందనీ, అరటిపండ్లు, కొబ్బరినీళ్ళు మానాలనీ, నీళ్ళు కొలిచి తాగాలనీ ఆయన చెప్పాడు. హైదరాబాదు డాక్టరు ఎప్పుడో చెప్పిన మాటలే అవి. అప్పుడు తల్లి వినలేదు. ఇప్పుడు రోజూ రాత్రి, ఎన్ని గ్లాసులు తాగిందో కూతురికి లెక్క చెబుతోంది. పెళ్ళిళ్ళ కబుర్లు ఆ తరువాతే.