సత్యం పంటల చేలో

జహీరాబాద్‌లో బస్సు దిగేసరికి ఇంకా ఏడు కాలేదు. కార్తీకం చివరి రోజులు. బొంబాయి రోడ్డు వదలగానే ఆటోకు ఓ పక్క చెరకు, ఇంకో పక్క అల్లం. నీళ్లున్నవాళ్ల చేలవి. లోపలికి పోయేకొద్దీ బోర్లు తగ్గి నల్లరేగడి మొదలైంది.

ఒకే చేలో పది, పదిహేను పంటలు కలిపి వేస్తారని విన్నాను. నమ్మకం కుదరలేదు. లెక్క రాసుకుందామని నోటుబుక్కు పెట్టుకుని మరీ బయల్దేరాను.

నేను చూడబోయిన చేను ఒక అవ్వది. ఆమె గట్టు మీదే ఎదురైంది. చేలోకి దిగిన నాలుగడుగులకే మంచుతో ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. తెల్లజొన్న, మధ్య సాళ్లలో శనగ, అవిసె, గోధుమ, లంకపప్పు, ధనియాలు, అక్కడక్కడా ఆవాలు. అంచు పొడుగునా కుసుమ. ఎదిగాక దాని ముళ్లకు జడిసి పశువులు లోపలికి రావు, కంచె ఖర్చుండదు. ఎనిమిది రాశాను. కాలికి అడ్డొచ్చిన గునుగు మొక్కను పీకబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది.

“పీకకు బిడ్డా, కూర అది.”

బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వే నాకు తెలుసు. లేత ఆకు వండుకుంటారని తెలీదు. దాన్ని లెక్కలో వేయాలా వద్దా? విత్తనిది పంటేనా? నోటుబుక్కు మూసేశాను.

వానాకాలంలో రేగడి తాగిన నీరే ఈ చేనుకు ఆధారం. జొన్న వేరు లోతుకు పోయి ఆ తడిని అందుకుంటుంది. శనగ వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. అవ్వ మాటల్లో ఇదంతా ఇంకా పొట్టి: “నీళ్లు పెట్టం, మందెయ్యం. మంచుకే పండుతయ్. గందుకే సత్యం పంటలంటం.”

ఈ సత్యం వెనక నడుం నొప్పులున్నాయి. ఒక్కో పంట ఒక్కో వేళకు చేతికొస్తుంది. కోత మిషను ఈ చేలో ఏమీ చెయ్యలేదు. వంగేది ఆడవాళ్లే. పాత పంటలను పొగిడే పట్నం రాతల్లో (నావీ అందులో ఉన్నాయి) ఈ వంగడం గురించి ఎప్పుడూ తక్కువే రాస్తాం.

ఇక్కడి పేద దళిత మహిళల సంఘాలతో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచీ పనిచేస్తోంది. దాన్ని నిలబెట్టినవారిలో ఒకరైన పి.వి. సతీశ్ 2023లో పోయారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర తిప్పేది ఈ ఆడవాళ్లే. మాచ్‌నూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియోలో మాట్లాడేదీ వాళ్లే.

మధ్యాహ్నం జొన్నరొట్టె, గునుగాకు కూర. తిన్నాక అవ్వ లోపలి అర్రలోకి తీసుకెళ్లింది. పేడతో అలికిన బుట్టలు, గింజల పైన బూడిద, వేపాకు. ఎవరైనా సేరు తీసుకెళితే పంటయ్యాక రెండు సేర్లు తెచ్చివ్వాలి. నల్లటి అనుములు చూసి మనసాగక, కొన్ని కొనుక్కుంటానన్నాను.

“అమ్మం బిడ్డా. చేనుందా నీకు?”

“లేదవ్వా. అపార్ట్‌మెంట్.”

“మరెట్ల తిరిగిస్తవ్?”

నా అరచేతిలో పోసిన గింజలు తీసుకుని మళ్లీ బుట్టలో వేసింది.