కరెంటు పోయి వస్తే?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పంపినప్పుడు మేము ముగ్గురం చాలాసేపు ఆలోచించాం. ఆరు నుంచి పది దాకా ఇక్కడ ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పెట్టుకుని చదివినవాళ్ళం. మా మూడిళ్ళలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం. ఇప్పుడు ఎం.టెక్. చదువుతున్నాం. మార్కుల గురించి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు కాబట్టి, మేము చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాం.

పోయిన వేసవి సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో మాలో ఒకరి బాబాయి గారి షెడ్డులో పనికి కుదిరాం. ఆయన సెకండ్‌హ్యాండ్‌లో ఒక మిల్లింగ్ మెషిన్ కొన్నారు. దాని మోటారు 2 హెచ్‌.పి., త్రీ ఫేజ్. షెడ్డులో ఉన్నది సింగిల్ ఫేజ్ కనెక్షనే. "ఇంజనీర్లు అయ్యారు కదరా, ఏదో ఒకటి చేయండి" అన్నారు.

వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్ పెడదామన్నాం. అది 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని, డి.సి.గా మార్చి, మళ్ళీ మనకు కావలసిన ఫ్రీక్వెన్సీలో త్రీ ఫేజ్ ఇస్తుంది. కానీ 230 వోల్టులకు మించి ఇవ్వలేదు. మోటారు ప్లేటు మీద 415 వోల్టులు, స్టార్ అని ఉంది. 415ను 1.732తో భాగిస్తే ఒక్కో వైండింగుకు వచ్చేది దాదాపు 240 వోల్టులే. అందుకని టెర్మినల్ పెట్టెలో పట్టీలు మార్చి డెల్టా చేశాం. స్టార్‌లో మూడున్నర ఆంపియర్లు తీసుకునే మోటారు ఇప్పుడు ఆరు తీసుకుంటుంది కాబట్టి ఆ అంకె డ్రైవ్‌లో పెట్టాం. డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య పాత డ్రమ్ స్విచ్ తీసేశాం. ఎర్త్ వేశాం. వేగానికి చిన్న నాబ్, నడపడానికి మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టాం. నాబ్ తిప్పితే కట్టర్ వేగం మారుతుంటే అందరూ చుట్టూ చేరి చూశారు. మాకు గర్వంగా అనిపించింది.

ఏడో తరగతితో చదువు ఆపేసిన మేస్త్రి గారు మాత్రం ఒక ప్రశ్న అడిగారు. "అబ్బాయిలూ, కరెంటు పోయి వస్తే ఇది ఏం చేస్తుంది?"

"అన్నీ డ్రైవే చూసుకుంటుందండీ" అన్నాం. మాన్యువల్ తెరవను కూడా లేదు.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మెషిన్ ఆగింది. స్విచ్ ఆన్‌లోనే ఉంది. ఖాళీయే కదా అని మా వయసు హెల్పర్ ఒకతను బ్రష్షుతో కట్టర్ పక్కనున్న ఇనుప తురుము తుడుస్తున్నాడు. కరెంటు వచ్చింది. కట్టర్ తనంతట తానే తిరిగింది. బ్రష్షు లాక్కుపోయింది. అదృష్టం కొద్దీ వేళ్ళు మిగిలాయి.

ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మెయిన్ ఆపి, డ్రైవ్ లోపల కెపాసిటర్లలో మిగిలే 300 వోల్టుల పైచిలుకు డి.సి. దిగేదాకా పది నిమిషాలు ఆగి, వైరింగు మార్చాం. ఆన్-ఆఫ్ స్విచ్ తీసేసి, నొక్కి వదిలే ఆకుపచ్చ బటన్ ఒకటి, ఆపడానికి ఎర్ర బటన్ ఒకటి పెట్టాం. కరెంటు రాగానే నడిచే సెట్టింగును మూసేశాం. కట్టర్ విప్పేసి, మెయిన్‌ను పదిసార్లు తీసి వేసి చూశాం. ఆకుపచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు కదలలేదు. అయినా కట్టర్ దగ్గర చెయ్యి పెట్టాలంటే ముందు మెయిన్ ఆపాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాం.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చదువు లేదని మా నాన్నల మాట ఎవరైనా తీసిపారేస్తే మాకు ఎంత కోపం వచ్చేదో గుర్తొచ్చింది. మేస్త్రి గారి విషయంలో మేము చేసింది అదే. మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గరకు వెళ్ళి క్షమించమన్నాం. ఆయన నవ్వి, "టీ తాగండి, తర్వాత ఆ ఆరు ఆంపియర్ల సంగతి నాకు చెప్పండి" అన్నారు.

తమ్ముళ్ళూ, మీరూ రేపు పట్టాలు తెస్తారు. తప్పకుండా తేవాలి. ఏ యంత్రం దగ్గరకు వెళ్ళినా, ముందు దాని పక్కన ఏళ్ళ తరబడి నిలబడిన మనిషి ఏం అడుగుతున్నాడో వినండి.